జ్వరం పోయింది, మొక్కు పోలేదు – మాతమ్మ ఆచారం, హింస, ప్రజారోగ్యం

హింస ప్రజారోగ్య సమస్య అని 1996లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హింస మీదా ఆరోగ్యం మీదా ఒక పెద్ద నివేదిక తెచ్చింది. అప్పట్నుంచీ విశ్వవిద్యాలయాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ శిక్షణ తరగతుల్లో ఈ మాట నలుగుతూనే ఉంది. మంచి మాటే. మలేరియాకి దోమ ఉన్నట్టు దెబ్బకీ ఒక కారణం ఉంటుందనీ, దాన్ని ముందే పట్టుకుంటే దెబ్బ పడకుండా ఆపొచ్చనీ చెప్పే మాట. 'అది వాళ్ళింటి గొడవ', 'అది వాళ్ళ కులాచారం' అని తప్పుకునే అధికారిని నిలబెట్టి అడగటానికి పనికొచ్చే మాట. అయితే ఈ మాట మా వాడల దాకా వచ్చేసరికి ఎవరి ఒంటిమీది దెబ్బని చూస్తోంది, ఎవరి దెబ్బని చూడకుండా దాటిపోతోంది? ఈ వ్యాసంలో మేం వేసే ప్రశ్న ఇది.

జవాబు వెతకటానికి మేం మాతమ్మ ఆచారాన్ని తీసుకుంటున్నాం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మాదిగ ఇళ్ళల్లోంచి ఆడపిల్లని మాతమ్మ దేవతకి విడిచిపెట్టడం, అమ్మవారి పేరుతో తాళి కట్టడం, ఇక ఆ పిల్లకి పెళ్ళి లేకుండా చేయడం – ఇదీ ఆచారం. చట్టం దీన్ని నేరం అంటుంది. పరిశోధకులు కొందరు దీన్లో స్త్రీ శక్తిని చూస్తారు. ఆరోగ్య శాఖ ఎయిడ్స్ లెక్కల్లో చూస్తుంది. పత్రికలు జాతర ఫొటోల్లో చూస్తాయి. మేం చెప్పేది వేరు. ఇది వైద్యం అందని కులం నెత్తిన పడ్డ బాకీ. ఆ బాకీని ఆడపిల్ల ఒంటి మీద వసూలు చేసుకుంటున్నారు. ఈ సంగతి తెలుసుకోనంతకాలం ఎన్ని చట్టాలొచ్చినా, ఎన్ని నోటీసులొచ్చినా వాడలో ఏమీ కదలదు.

దూరం కిలోమీటర్లలో తేలదు

మేం పూతలపట్టు ప్రాంతపు వాడల్లోంచి వచ్చినవాళ్ళం. మా ఇళ్ళల్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మాదే. చిత్తూరు నుంచి కర్నూలు పోయే రోడ్డూ తిరుపతి పోయే రోడ్డూ పూతలపట్టు దగ్గరే చీలతాయి. ఇప్పుడిది షెడ్యూల్డు కులాలకి రిజర్వయిన శాసనసభ నియోజకవర్గం. ఐరాల మండలంలోని కాణిపాకం ఈ నియోజకవర్గంలోదే. అక్కడి వినాయకుడికి ప్రమాణాల దేవుడని పేరు. తాగుడు మానతానని మొగుడి చేతా, సొమ్ము తీయలేదని కూలోడి చేతా అక్కడ ప్రమాణం చేయిస్తారు. దెబ్బ తగిలినప్పుడు డాక్టరు రాసే కాగితం కంటే దేవుడి ముందు చేసే ప్రమాణమే మా పల్లెల్లో ముందు గుర్తొస్తుంది. తవణంపల్లె మండలంలోని అరగొండ కూడా ఈ నియోజకవర్గంలోదే. అపోలో ఆస్పత్రుల్ని స్థాపించిన ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు అది. అక్కడ అపోలో వాళ్ళ ఆస్పత్రి ఉంది. రాష్ట్రం హద్దు దాటితే 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన రాయవేలూరు మిషను ఆస్పత్రి. ఇటు తిరుపతిలో రుయా, స్విమ్స్.

కాబట్టి ఈ పక్క ఆస్పత్రులు లేవని ఎవరూ అనలేరు. ఆస్పత్రికీ వాడకీ నడుమ ఉన్న దూరం కిలోమీటర్లలో తేలేది కాదు. బిడ్డకి జ్వరం వస్తే ముందు ఆ రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీ, మందుల ఖర్చు, తోడు పోయిన మనిషి తిండి అంతా అప్పు. ఆ అప్పు ఇచ్చేది ఊళ్ళో భూమున్న ఆసామి. చదువురాని చేత్తో చీటీ పట్టుకొని ఏ గదికి పోవాలో తెలీక నిలబడటం, 'యా ఊరు? ఊళ్ళోనా, వాడలోనా?' అని అడిగించుకోవడం, ఇవేవీ ఆరోగ్య శాఖ పటంలో కనిపించవు. మా జిల్లాలో ఊరి పేరు పక్కన ఏ.ఏ.డబ్ల్యూ. అని మూడక్షరాలు చేర్చి రికార్డుల్లో మా వాడల్ని రాస్తారు. ఆది ఆంధ్రవాడ అని దాని అర్థం. ఆస్పత్రి ఎంత దూరమో ఆ మూడక్షరాలే చెప్తాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద ఆపరేషను చేయించుకోవటానికి మా వాళ్ళకి ఒక కార్డు దొరికింది. పోయిన రోజు కూలికి మాత్రం ఏ కార్డూ లేదు.

మాతమ్మకి విడిచే ఆచారం ఎక్కువగా ఉండేది తూర్పు మండలాల్లో. సత్యవేడు, నాగలాపురం, పిచ్చాటూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు, తమిళనాడు తిరువళ్ళూరు జిల్లా హద్దు పల్లెల్లో. హద్దుకి అవతల మా వాళ్ళని అరుంధతీయులంటారు. 2022 ఏప్రిల్లో జిల్లా చీలాక ఆ మండలాలు తిరుపతి జిల్లాకి పోయాయి, పూతలపట్టు చిత్తూరులో మిగిలింది. జిల్లా చీలింది గానీ చుట్టరికం చీలలేదు. ఇక్కడి ఆడబిడ్డలు అటు కోడళ్ళయినారు, అక్కడి ఆడబిడ్డలు మా ఇళ్ళకొచ్చారు. మేం ఇక్కడ కూర్చొని అక్కడి మాట మాట్లాడటానికి ఆ చుట్టరికమే హక్కు.

మొక్కు ఎట్లా బాకీ అవుతుంది

ఈ ఆచారం గురించిన వార్తలన్నీ జాతర దగ్గర మొదలవుతాయి. ఆచారం మాత్రం జబ్బు దగ్గర మొదలవుతుంది. బిడ్డకి జ్వరం తగ్గదు. లేదంటే ఒళ్ళంతా పొక్కులు, లేదంటే ఫిట్సు. 'ఈ బిడ్డని బతికిస్తే నీకే విడుస్తాం తల్లీ' అని కన్నవాళ్ళు మొక్కుకుంటారు. బిడ్డ బతుకుతుంది. చాలా జ్వరాలు వాటంతటవే తగ్గేవే. కానీ మొక్కు తీర్చకపోతే అమ్మ మళ్ళీ వస్తుందనే భయం ఇంట్లో ఉండిపోతుంది. డాక్టరు దగ్గర చేసిన అప్పు డబ్బుతో తీరుతుంది. అమ్మ దగ్గర చేసిన అప్పు బిడ్డతో తీరాలి.

మశూచిని మా పల్లెల్లో జబ్బు పేరుతో పిలిచేవాళ్ళు కాదు, 'అమ్మ పోసింది' అనేవాళ్ళు. దేశంలో ఆ జబ్బు చివరి కేసు 1975లో. 1977లో ఇండియాలో మశూచి లేదని ప్రకటించారు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అమ్మ పోయింది. అమ్మ పేరుతో చేసే మొక్కు పోలేదు. ఎందుకు? మశూచిని తరిమినప్పుడు టీకా వేసేవాళ్ళు వాడల్లోకి కూడా వచ్చారు. వాడలో ఒక్క కేసు మిగిలినా అది ఊరికి అంటుకుంటుంది కాబట్టి వచ్చారు. ఊరికి అంటే జబ్బయితే ప్రజారోగ్యం వాడ గడప తొక్కుతుంది. విడిచిన పిల్ల పడే బాధ ఊరికి అంటదు. పైగా ఊరికి అందులో సుఖముంది. కాబట్టి దానికి టీకా లేదు, కార్యకర్త లేడు, చార్టు లేదు.

పిల్ల పెద్దమనిషయ్యాక ఆ బాకీ వసూలు మొదలవుతుంది. జాతరలో ఆడాలి, చావు దగ్గర ఆడాలి. మామూలు రోజుల్లో అందరిలాగే కూలికి పోవాలి. మొగుడు లేడు కాబట్టి అడిగేవాడు లేడని ఊరి మగవాళ్ళ తర్కం. ఎవరి దగ్గర కూలికి పోతుందో అతనే చేతులేస్తాడు. పుట్టిన పిల్లలకి తండ్రి పేరుండదు. ఒళ్ళు సాగినంతకాలం ఊరికి కావాలి, ఒళ్ళు వంగాక ఎవరికీ అక్కరలేదు. హింసకి గురైన స్త్రీలల్లో కనిపించేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పిన జబ్బుల పట్టీ – దెబ్బలు, కోరని గర్భాలు, సుఖవ్యాధులు, దిగులు, నిద్రలేమి, తాగుడు – తీసుకొని ఈమె ముందు పెట్టండి. ఆమె బతుకుకి సరిగ్గా సరిపోతుంది. అయినా ఆ నివేదిక వచ్చిన ఇన్నేళ్ళలో ఈమె గురించి 'హింస బాధితురాలు' అన్న మాట వాడిన ఆరోగ్య కేంద్రం ఏదని మేం అడుగుతున్నాం.

తెగిన తల ఎవరిది?

మాతమ్మ కథని రేణుక కథతో కలిపి చెప్తారు. పల్లెకొక తీరుగా చెప్తారు. కథ ఎముక మాత్రం ఒకటే. జమదగ్నికి పెళ్ళాం మీద అనుమానం. తల నరకమని కొడుకుని పురమాయిస్తాడు. పరశురాముడు గొడ్డలెత్తితే రేణుక మాదిగవాడకి పారిపోతుంది. అక్కడొక మాదిగ తల్లి ఆమెని కౌగిలించుకొని అడ్డం నిలబడుతుంది. ఇద్దరి తలలూ ఒక్కసారే తెగుతాయి. తిరిగి అతికించేటప్పుడు తలలు మారతాయి. ఒకరి తల, ఇంకొకరి ఒళ్ళు.

ఈ కథని దేవతలు పుట్టిన కథగానే చదివారు గానీ నేరం జరిగిన కథగా ఎవరు చదివారు? అనుమానపు మొగుడు, ఆజ్ఞ మీరని కొడుకు, పారిపోయిన ఆడమనిషి, ఆమెకి చోటిచ్చిన పాపానికి చచ్చిపోయిన పొరుగామె. ఏ పోలీసు స్టేషన్లోనైనా వారానికొకసారి వచ్చే కేసే ఇది. చంపినవాడికి కథలో శిక్ష లేదు. చోటిచ్చిన మాదిగ ఆడమనిషి కులానికి మాత్రం శిక్ష పడింది. ఆమె ఆడబిడ్డలు తరతరాలుగా ఆ తెగిన మెడకి తాళి కట్టించుకుంటున్నారు. దెబ్బ కొట్టింది ఒక కులం, మొక్కు తీర్చేది ఇంకో కులం.

తిరుపతి గంగమ్మ జాతరలో ఇదే సంగతి ఇంకో రూపంలో ఉంది. ఆడవాళ్ళని చెరిచే పాళేగాడిని గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిందని కథ. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం వరసగా వస్తాయి. మాతంగి వేషం కూడా వస్తుంది. మగవాళ్ళు చీర కట్టి మాతంగి వేషమేస్తే ఊరు దండం పెడుతుంది. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్స్టన్ కులాల పుస్తకాల్లో మాదిగ మాతంగి అగ్రకులాల మీద ఉమ్మేస్తే దాన్ని వాళ్ళు దీవెనగా తీసుకుంటారని రాసుంది. వేషానికి దండం, ఉమ్మికి దండం. ఆ వేషం ఎవరిదో ఆ ఆడమనిషి దప్పికని ఊళ్ళోకొస్తే చెంబు ముట్టనివ్వరు. పండగ పూట తలకిందులైన లోకాన్ని చూసి మురిసేవాళ్ళు మర్నాడు పొద్దున అది మళ్ళీ ఎట్లా నిలబడుతుందో కూడా రాయాలి.

2013లో జాయ్స్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పండితురాలు 'వెన్ ది వరల్డ్ బికమ్స్ ఫిమేల్' అని తిరుపతి గంగమ్మ మీద పుస్తకం తెచ్చారు. చాలా శ్రద్ధగా చేసిన పని. అమ్మవారితో తాళి మార్చుకున్న ఆడవాళ్ళ మీద అందులో ఒక అధ్యాయముంది. ఆ తాళిలో ఆమె రక్షణనీ, కదలగలిగే స్వేచ్ఛనీ చూశారు. మొగుడి అదుపు లేదు నిజమే. విధవరాలు కాదు, నిత్య ముత్తైదువ, అదీ నిజమే. సంఘసంస్కర్తలు వీళ్ళని కేవలం దీనులుగా చూపిస్తే దానికి జవాబుగా ఆ చదువు అవసరమే. కానీ స్వేచ్ఛని కదలికతో కొలిస్తే సరిపోదని మా వాదన. జాతర దారిలో నడిచే స్వేచ్ఛకీ, రాత్రిపూట తలుపు తట్టినవాణ్ణి 'పోరా' అనగలిగే స్వేచ్ఛకీ చాలా దూరముంది. మొదటిది అమ్మవారు ఇచ్చింది. రెండోది ఇవ్వాల్సింది భూమి, కూలి, ఇల్లు, ఆస్పత్రి.

చట్టం ఎవర్ని పట్టుకుంటుంది?

చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది. ఆ శాసనమండలిలో దేవదాసీ ఆచారం మీద పోరాడిన ముత్తులక్ష్మీ రెడ్డి స్వయానా డాక్టరు. 1929లో దేవాదాయ చట్టానికి వచ్చిన సవరణ వల్ల గుళ్ళో సేవ చేసే దేవదాసీలకి ఇనాం భూములు సేవతో పని లేకుండా మిగిలాయి. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. పెద్ద గుడిని అంటిపెట్టుకున్న ఆడవాళ్ళకి ఇనాం భూమి ఉంది కాబట్టి సంస్కరణ వాళ్ళకి ఎంతో కొంత భూమి మిగిల్చింది. మాతమ్మకి గుడి అంటే వేపచెట్టు కింద రాయి. ఇనాం లేదు. కాబట్టి సంస్కరణ ఆమెకి నిషేధం ఒక్కటే మిగిల్చింది.

1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అందులో బసివి, జోగిని, పార్వతి, తాయమ్మలతో పాటు మాతమ్మ పేరు కూడా చేర్చారు. మా జిల్లా ఆడబిడ్డ పేరు చట్టంలోకి ఎక్కింది. సంతోషమే. కానీ ఆ చట్టం పట్టుకునేది ఎవర్ని? విడిచే కార్యం చేసినవాళ్ళని, చేయనిచ్చినవాళ్ళని, పాల్గొన్నవాళ్ళని. అంటే ముందు పట్టుబడేది కన్నవాళ్ళు, కులపెద్దలు, డప్పు కొట్టినవాడు. అందరూ వాడవాళ్ళే. విడిచాక ఆ పిల్లని వాడుకున్న ఊరి మగవాడు ఆ కార్యంలో లేడు.

2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించారు. 2016 జనవరి నుంచి అమలు. దళిత, ఆదివాసీ స్త్రీని దేవతకి విడవడం కూడా అత్యాచారమేనని అందులో చేర్చారు. ఇక్కడ ఇంకో చిక్కు. ఆ చట్టం కింద నేరస్తుడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. విడిచేది మాదిగ తల్లిదండ్రులు. కాబట్టి ఆ సెక్షను మామూలుగా వాళ్ళకి వర్తించదు. ఊరి ఆసామికి వర్తించాలంటే 'విడవటంలో' అతని చేయి చూపించాలి. 1988 చట్టం వాడని పట్టుకొని ఊరిని వదిలేసింది. 2015 సవరణ ఊరి కోసం రాసిన నేరాన్ని వాడ ముంగిట పెట్టింది. రెండు చట్టాల సందులోంచి మధ్యలో మగవాడు నడిచిపోతున్నాడు.

అయితే అదే 2015 సవరణలో మన కార్యకర్తలు వాడని ఆయుధం ఒకటుంది. దళిత స్త్రీని ఆమె ఒప్పుకోకుండా లైంగికంగా తాకడం నేరమని చెప్తూ, ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనీ, ఆమె గత లైంగిక జీవితం, అదే మనిషితో ఉన్న సంబంధమైనా సరే, ఒప్పుదలకి గుర్తు కాదనీ ఆ చట్టమే వివరించింది. 'మాతమ్మే కదా, ఏం జేసేది' అనే మాటకి ఇది చట్టం ఇచ్చిన జవాబు. పిల్లకి 18 ఏళ్ళు నిండకపోతే 2012 పోక్సో చట్టం ప్రకారం ఒప్పుదల అనే ప్రశ్నే లేదు. ఇవి విడిచినందుకు పెట్టే కేసులు కావు, వాడుకున్నందుకు పెట్టే కేసులు. మనకి కావాల్సినవి ఇవి.

2017 సెప్టెంబరులో జాతీయ మానవ హక్కుల కమిషన్ మాతమ్మ ఆచారం మీద తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకి నోటీసులిచ్చింది. దాన్నిబట్టి వచ్చిన వార్తలన్నీ పూజలో ఆడపిల్లని ఎట్లా అలంకరిస్తారు, చివర్లో ఏం చేస్తారు అనే వర్ణన చుట్టూ తిరిగాయి. ఆ పూజ ఒక్క పూట. దాని తర్వాత నలభై ఏళ్ళ బతుకు. అదే 2017లో వచ్చిన జాతీయ ఆరోగ్య విధానం స్త్రీల మీద హింసకి ఉచితంగా, గౌరవంగా వైద్యం అందాలంది. ఆ నోటీసునీ ఈ విధానాన్నీ ఒక్కచోట పెట్టి చదివిన అధికారి ఉంటే ఆ నలభై ఏళ్ళ గురించి ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్ళు.

ఏ గడిలో రాస్తారు?

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అప్పుడు ఆరోగ్య శాఖకి మాతమ్మలు, జోగినులు గుర్తొచ్చారు. వాళ్ళని 'హై రిస్కు గ్రూపు'లో చేర్చారు. పరీక్షలు, కండోములు, కౌన్సెలింగు వచ్చాయి. వాటివల్ల ప్రాణాలు నిలిచాయి, కాదనం. కానీ ఈ చూపు ఎటు తిరిగి ఉందో గమనించండి. రిస్కు ఎవరికి? ఆమె నుంచి ఊరికి. మశూచి నాటి లెక్కే మళ్ళీ. జబ్బు ఊరికి అంటుతుందనుకున్నప్పుడే ఆరోగ్య శాఖ ఆమె ఇంటికి వచ్చింది. ఊరి నుంచి ఆమెకి వచ్చిన రిస్కు ఏ రిజిస్టర్లోనూ లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేని చూద్దాం. 2019–21 సర్వే ప్రకారం దేశంలో పెళ్ళయిన స్త్రీలలో 29.3 శాతం మంది భర్త హింసకి గురయ్యారు. హింస అనుభవించిన స్త్రీలలో 14 శాతమే సాయం కోసం ఎవర్నైనా అడిగారు. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఈ అంకెలు గట్టివి, వాడుకోవాల్సినవి. కానీ మాతమ్మ ఈ లెక్కలో ఎక్కడుంది? మెళ్ళో తాళి ఉంది, మొగుడు లేడు. పెళ్ళయిందని రాసుకుంటే భర్త గురించి అడుగుతారు, జవాబు లేదు. పెళ్ళి కాలేదని రాసుకుంటే తాళి సంగతి ఎవరూ అడగరు. ప్రశ్నల పట్టీ తయారు చేసినవాళ్ళకి ఇంటి గోడల మధ్య జరిగే హింస తెలుసు. ఒక ఊరు మొత్తం కలిసి ఒక ఆడమనిషికి మొగుడిలా ప్రవర్తించడం వాళ్ళ ఊహకి అందలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదిక హింసని వివరించటానికి నాలుగు వలయాలు గీసింది. మనిషి, సంబంధాలు, సముదాయం, సమాజం. మన పరిశోధకులు ఆ బొమ్మని అట్లే దించుకుంటున్నారు. ఆ బొమ్మలో కులం యాడుంది? 'సమాజపు కట్టుబాట్లు' అనే చివరి వలయంలో, అందరికీ దూరంగా, పొగమంచులాగా. మాకు కులం చివరి వలయం కాదు. అది నాలుగు వలయాల్నీ అడ్డంగా కోసే గీత. బిడ్డకి మందు దొరకనిది కులం వల్ల. అప్పు ఇచ్చేది కులం. మొక్కు తీర్చేది కులం. వాడుకునేది ఇంకో కులం. అయితే ఆ నివేదికే హింసకి ఇచ్చిన నిర్వచనం మనకి పనికొస్తుంది. బలప్రయోగం ఒక్కటే కాదు, అధికారాన్ని కావాలని వాడి మనిషికి అవసరమైంది అందకుండా చేయడం కూడా హింసే అంది. ఆ లెక్కన బిడ్డ జ్వరానికి వాడకి మందు అందనివ్వకపోవడమే మొదటి హింస. తాళి రెండోది. ఊరి మగవాడు మూడోవాడు.

దూబగుంట నేర్పింది

పల్లె ఆడవాళ్ళకి హింసని ఆరోగ్య సమస్యగా చూడటం జెనీవా నేర్పాల్సిన పని లేదు. మా పక్క జిల్లా నెల్లూరులో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా అంగడిని మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాట అది. కూలిడబ్బు సారాకి పోవడం, మొగుడి చేతి దెబ్బలు, బిడ్డల ఆకలి – ఈ మూడింటికీ ఒకే కారణం ఉందని వాళ్ళు పట్టుకున్నారు. కారణాన్ని పట్టుకొని ముందే ఆపడం అంటే అదే కదా. ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానానికి నాలుగేళ్ళ ముందు సంగతి ఇది. ఆ ఉద్యమం చిత్తూరు దాకా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఆడవాళ్ళు ఓడిపోలేదు, ఖజానా గెలిచింది.

ఆ ఉద్యమంలో దళిత ఆడవాళ్ళు ముందు నడిచారు. కానీ ఆ ఉద్యమం మొగుడి చేతి దెబ్బ గురించి మాట్లాడింది గానీ మొగుడు లేని ఆడమనిషి గురించి మాట్లాడలేదు. సారా అంగడి కనిపించింది, మూయించగలిగారు. ఆసామి ఇల్లు అంగడి కాదు. అక్కడికి పోవాలంటే రేపటి కూలిని పణంగా పెట్టాలి. దూబగుంట ఆగిన చోటు నుంచి మనం మొదలుపెట్టాలి.

మన ఇంట్లో మాట

ఈ వ్యాసం చదివి మనవాళ్ళే కొందరు అడుగుతారు. 'మన వాడ గుట్టు ఊరి ముందు ఎందుకు విప్పడం? విడిచేది మనవాళ్ళే కదా, పేరు మనకే చెడుతుంది కదా?' ఈ భయం ఉత్తది కాదు. మా దేవతల్ని, మా పూజల్ని అసహ్యంగా చూపించి తమ దేవుళ్ళని శుభ్రంగా నిలబెట్టుకునే పని చాలాకాలంగా జరుగుతోంది. మేం మాతమ్మ మీద యుద్ధం ప్రకటించట్లేదు. మాతమ్మ మా తల్లి. అడ్డం నిలబడి తల పోగొట్టుకున్న తల్లి. ఆమె పేరుతో ఆడబిడ్డని విడవమని ఆమె అడగలేదు.

రెండో మాట. దళిత మగవాడి చేతిలో కూడా హింస ఉంది. మొక్కుకున్నది తల్లీ తండ్రీ కలిసే అయినా, ఎవర్ని విడవాలి అన్నప్పుడు కొడుకు మీదికి పోదు, కూతురి మీదికే పోతుంది. ఊరి ఆధిపత్యం గురించి మాట్లాడుతూ వాడలోని పితృస్వామ్యాన్ని దాచుకుంటే మన విమర్శ సగం విమర్శే. అయితే రెండూ సమానమని కూడా మేం అనం. మాదిగ తండ్రి భయంతో విడిచాడు. ఆసామి ధైర్యంతో వాడుకున్నాడు. ఒకడి భయం తీరాలి, ఇంకొకడి ధైర్యం పోవాలి. మొదటి పని ఆస్పత్రిది, రెండోది చట్టానిది, సంఘానిది.

మూడో మాట. ఇప్పుడు కొత్తగా ఎవర్నీ విడవట్లేదని కొందరంటారు. అది నిజమే కావాలని మేమూ కోరుకుంటున్నాం. కానీ విడిచినవాళ్ళు బతికే ఉన్నారు. నడుం వంగి, మోకాళ్ళు అరిగి, ఏ పింఛను గడిలో తమని రాస్తారో తెలీక తిరుగుతున్నారు. ఆచారం ఆగిందని ప్రకటిస్తే వాళ్ళ బాకీ మాఫీ అయిపోదు.

కాబట్టి

మేం కార్యకర్తల్ని, విద్యార్థుల్ని, పంతుళ్ళని కొన్ని పనులడుగుతున్నాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దెబ్బతో వచ్చిన ఆడమనిషి కాగితంలో 'జారిపడింది' అని రాస్తే ఊరుకోవద్దు. ఎవరు కొట్టారు, ఎక్కడ కొట్టారు అని రాయించాలి. ఆ కాగితం మీదే రేపు కేసు నిలబడుతుంది. అత్యాచారాల నిరోధక నియమాల కింద రేప్ కేసులో పరిహారం మొదటి వాయిదా అందాలన్నా వైద్య నివేదిక ఉండాలి. లైంగిక హింస బాధితులకి ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులేవైనా ఉచితంగా, వెంటనే వైద్యం చేయాలని 2013లోనే చట్టం చెప్పింది. ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో కూడా ఆ మాట ఉంది. చాలామంది డాక్టర్లకే అది గుర్తుండదు, మనం గుర్తు చేయాలి.

మాతమ్మలకి ఎయిడ్స్ పరీక్షొక్కటే చేసి పంపించేయడం ఆపాలి. నిద్ర, దిగులు, నడుం నొప్పి, బీపీ, గర్భసంచి – ఇవన్నీ ఆమె ఒళ్ళే. ఆమె పేరు మీద ఇల్లు, భూమి, పింఛను రావాలి. సర్వేల్లో ఆమె కోసం ప్రశ్న చేర్చమని అడగాలి. బడిలో తండ్రి పేరు గడి దగ్గర ఆ పిల్లల్ని నిలబెట్టి అడగొద్దు. పెళ్ళికాని తల్లి ఒక్కతే బిడ్డకి సంరక్షకురాలు కావొచ్చనీ, తండ్రి పేరు చెప్పమని ఆమెని ఒత్తిడి చేయకూడదనీ 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ సంగతి పంతులుకి తెలిస్తే ఒక బిడ్డ చదువు నిలుస్తుంది.

అన్నిటికంటే ముందు పని ఇంకొకటుంది. వాడలో బిడ్డకి జ్వరమొచ్చిన రోజే, ఆ రాత్రే, ఆ ఇంటి మనిషికి కూలి పోకుండా, అప్పు పడకుండా వైద్యం అందేట్టు చూడటం. ఆశా కార్యకర్తతో మాట్లాడటం, బండి మాట్లాడటం, ఆస్పత్రి దాకా తోడు పోవటం, చీటీ చదివి చెప్పటం. మొక్కు పుట్టేది ఆ రాత్రే. ఆ రాత్రి ఆ ఇంట్లో మనలో ఒకరుంటే మొక్కుకునే అవసరం ఆ తల్లికి రాదు.